కణముల ఆనవాలు పట్టు విద్య

డోన్ పట్టణపు మందుల షాపులలో కొద్దిపాటి వెలకు దొరకు గర్భనిర్ధారణ పట్టీమీద రంగుగీత పొడచూపుటకును, చలిజ్వరముతో వణకు రోగి వ్రేలినుండి ఆశా కార్యకర్త తీసిన రక్తపు చుక్క నిమిషములలో మలేరియాను పట్టియిచ్చుటకును, కర్నూలు పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ రోగి చేతికి వచ్చు కాగితముపై సీడీ4 కణముల లెక్క యుండుటకును ఆధారమైన పదార్థ మొక్కటే; దానికి మోనోక్లోనల్ ఆంటీబాడీ యని పేరు. క్యాన్సరు మందుగా ఆ పేరు ఇటీవల పత్రికలలో తరచుగా కానవచ్చుచున్నది. కాని, మందుగా మారుటకు ఎంతో పూర్వమే, ప్రయోగశాలలలోని చిట్టెలుకల రక్షణకణములను ఒకదానినుండి మఱియొకదానిని వేఱుపఱచి ఆనవాలు పట్టుటకై దీనిని సాధనముగా మలచిన విద్య యొకటి కలదనియు, ఆ విద్య లేకున్న ఇమ్యునాలజీ శాస్త్రము నేడున్నట్లుండెడిది కాదనియు ఎఱిగినవారు మనలో తక్కువ. ఆ విద్యకు ప్రాణమైన ఘట్టమున భీమవరపు బిడ్డ యొకని కృషి యున్నదని ఎఱిగినవారు మఱింత తక్కువ.

రక్షణకణములైన లింఫోసైట్లు సూక్ష్మదర్శినిలో అన్నియు ఒక్కతీరుగనే కనిపించును: గుండ్రని కేంద్రకము, దానిచుట్టు పలుచని జీవద్రవ్యము. వైరసు సోకిన కణమును చంపునదేదో, ఇతర కణములకు తోడ్పడునదేదో, ఆంటీబాడీలను తయారుచేయునదేదో కంటికి తెలియదు. వాని భేదమంతయు పైపొరమీద నాటుకొనియున్న గ్రాహకములయందు ఉన్నది. ఒక జాతి చిట్టెలుక కణములను వేఱొక జాతి చిట్టెలుకకు ఎక్కించి, దాని రక్తమునుండి తీసిన సీరముతో ఈ గ్రాహకములను గుర్తింప పూర్వము యత్నించెడివారు. ఎడ్వర్డ్ బోయ్స్, హార్వే కాంటర్ మొదలగువారు అట్టి సీరములతోనే టీ కణములలో సహాయకములను, సంహారకములను వేఱుపఱచి చూపిరి. అయినను సీరమనునది పలువిధములైన ఆంటీబాడీల మిశ్రమము. ఒక చిట్టెలుకనుండి తీసినది మఱియొకదానితో సరిపోలదు. ఆ ప్రాణి చచ్చినతోడనే అదియు తీఱిపోవును. ఒక ప్రయోగశాలలో తేలిన విషయమును మఱియొకచోట మరల చేసి చూపుట దుర్ఘటముగా నుండెడిది.

ఈ చిక్కును కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అను నిరువురు 1975లో విడదీసిరి. ఒక్కొక్క బీ కణము ఒక్క తీరు ఆంటీబాడీని మాత్రమే చేయును గాని, దేహమునుండి వెలుపలికి తీసిన కొలది దినములలోనే నశించును. మైలోమా యను క్యాన్సరు కణము ఎడతెగక విభజన చెందుచుండును గాని, మనకు కావలసిన ఆంటీబాడీని చేయదు. గొఱ్ఱె రక్తకణములను ఎక్కించిన చిట్టెలుక ప్లీహమునుండి కణములను తీసి, వానిని మైలోమా కణములతో సంలీనము చేసి, రెండింటి గుణములును కలిసిన సంకరకణమును వారు సృజించిరి. దానికి తరువాత హైబ్రిడోమా యని పేరు వచ్చినది. ఆ పద్ధతికి వారు పేటెంటు తీసికొనలేదు. 1984లో నోబెల్ బహుమతి నందుకొనిరి.

అయితే కణములను అతికించుట ఒక్కటే చాలదు. కోట్లకొలది కణములను కలిపినపుడు సంలీనమై నిలుచునవి ఇంచుమించు లక్షకొక్కటి. అతుకక మిగిలిన మైలోమా కణములు వానికంటె వడిగా పెరిగి పాత్రనంతయు ఆక్రమించును. వీనిని ఏఱివేయుటకు వాడు ద్రవమునకు హ్యాట్ అని పేరు. అందు హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ అను మూడు పదార్థములు కలవు. ఏ కణమైనను తన డీఎన్ఏకు వలయు ముడిసరకును రెండు త్రోవలలో సమకూర్చుకొనును: క్రొత్తగా చేసికొనుట యొకటి, పాతదానిని తిరిగి వాడుకొనుట రెండవది. అమినోప్టెరిన్ మొదటి త్రోవను మూసివేయును. ఈ పనికై ఎన్నుకొను మైలోమా కణములకు రెండవ త్రోవకు వలయు ఎంజైము లేదు గనుక అవి చచ్చును. అతుకని ప్లీహకణములు తమంత తామే చచ్చును. ప్లీహకణమునుండి ఆ ఎంజైమును, మైలోమానుండి విభజనశక్తిని పొందిన సంకరకణ మొక్కటే మిగులును. పిమ్మట ఒక్కొక్క గుంటలో ఒక్క కణమే యుండునట్లు పలుచన చేసి, ఆ కణసంతతి వెలువరించిన ఆంటీబాడీని ఓపికతో పరీక్షించి, కావలసినదానిని మాత్రమే పెంచి, ద్రవనత్రజనిలో భద్రపఱతురు.

ఆ అమినోప్టెరిన్‌ను 1947లో వెలువరించినది అమెరికాలోని పెర్ల్ రివర్ పట్టణమందలి లెడర్లీ ప్రయోగశాల. అచ్చటి పరిశోధనలకు నాడు అధ్యక్షుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివి, 1923లో అమెరికాకు పోయిన ఆ మహాశయుడు ఫోలిక్ ఆమ్లముపై తన బృందముచేత చేయించిన కృషినుండియే, దానికి విరోధియైన ఈ పదార్థము పుట్టినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దీనిని ల్యుకేమియాతో మరణశయ్యపైనున్న పసివారికిచ్చి, తాత్కాలికమే యైనను, వ్యాధి తగ్గుముఖము పట్టుటను చూచెను. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి. 1962లో షిబాల్‌స్కా, షిబాల్‌స్కీలు ఈ ఏఱివేత పద్ధతిని కనుగొనుటగాని, 1964లో లిటిల్‌ఫీల్డ్ దానితో సంకరకణములను వేఱుచేయుటగాని, 1975లో కేంబ్రిడ్జి వారు దానిపై ఆధారపడుటగాని ఆయన చూడలేదు. మనవారు ఆయనను స్మరించునపుడు ఆరియోమైసిన్‌ను, బోదకాలు మందును తలతురు, తలవవలసినదే. కాని అమినోప్టెరిన్ ఈ రెండవ జన్మమున చేసిన మేలు వానికేమియు తీసిపోదని నా దృఢమైన అభిప్రాయము.

చిట్టెలుక గ్రాహకములపై ఆంటీబాడీ కావలెనన్న మఱియొక చిక్కు కలదు. ఏ ప్రాణియు తన సొంత ప్రోటీనుపై సాధారణముగా ఆంటీబాడీని చేయదు. అందుచేత చిట్టెలుక కణములను, దానికంటె పెద్దదైన ర్యాటు జాతి ఎలుకకో హామ్‌స్టరుకో ఎక్కింతురు. టిమొతీ స్ప్రింగర్ మిల్‌స్టైన్ బృందముతో కలసి 1978, 79 సంవత్సరములలో ఇట్లే ఎం1/70 అను ఆంటీబాడీని సాధించి, మాక్రోఫేజి కణములమీది మ్యాక్-1 గ్రాహకమును లోకమునకు చూపెను. సహాయక టీ కణములమీది సీడీ4ను పట్టు జీకే1.5, సంహారక టీ కణములమీది సీడీ8ను పట్టు 53-6.7, టీ కణగ్రాహకముతో జతగానుండు సీడీ3ను పట్టు 145-2సీ11 క్రమముగా వచ్చినవి. క్లోన్లు అనబడు ఆ కణసంతతులు దశాబ్దములు గడచినను నేటికిని అవే పేర్లతో అమ్ముడగుచున్నవి. అట్లాంటాలో వాడిన ఆంటీబాడీయే హైదరాబాదులోను దొరకును. సీరములకు అసాధ్యమైన గుణ మిదియే.

ఈ ఆంటీబాడీలకు మెఱయు రంగులను అంటించి, కణములను ఒక్కొక్కటిగా లేజరు కాంతి ముందు ప్రవహింపజేసి, క్షణమునకు వేలకొలది కణముల మెఱపును కొలిచి, కోరినవానిని వేఱుచేయు యంత్రమును స్టాన్‌ఫర్డులో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ రూపొందించెను. టీ కణములు పెరుగు థైమస్ గ్రంథిని దీనితో పరీక్షింపగా, అందలి కణములలో ఇంచుమించు 80 శాతము సీడీ4, సీడీ8 రెండింటిని ధరించి, పెరుగుచు పెరుగుచు ఒకదానిని విడుచునని తేటపడినది.

అంతకంటె ఆశ్చర్యకరమైనది 1987లో డెన్వరు నగరమున జాన్ కాప్లర్, ఫిలిప్పా మారక్ దంపతులు చూపిన సత్యము. తన దేహమునే శత్రువుగా భావింపగల టీ కణము ఏమగుచున్నదను ప్రశ్న అంతవరకు వాదములకే పరిమితమై యుండెను. ఒకానొక టీ కణగ్రాహక భాగమును మాత్రమే పట్టు కేజే23ఏ అను ఆంటీబాడీ వారికి లభించినది. ఆ గ్రాహకము ఐ-ఈ యను ప్రోటీనును శత్రువుగా గుర్తించును. ఐ-ఈ గల చిట్టెలుకలలో ఆ గ్రాహకమును ధరించిన కణములు థైమస్‌నందలి లేతకణములలో నున్నవి. పరిణతి చెందిన కణములలో లేవు. అనగా, అపాయకరమైన కణము థైమస్‌లోనే తుడిచిపెట్టబడుచున్నది. పెద్ద ప్రశ్నకు సమాధానము ఒక ఆంటీబాడీతో, ఒక లెక్కతో తేలినది. ఈ విద్య విలువ యేమని యడుగువారికి నేను మొదట చెప్పు ఉదాహరణ మిదియే.

ఆళ్లగడ్డ శిల్పులు ఉలిపెట్టుటకు ముందు రాతిని తట్టి, దాని నాదమునుబట్టి లోని దోషమును కనిపెట్టుదురు. ఆంటీబాడీని గూడ వాడుటకు ముందు అట్లే పరీక్షింపవలయును. ఆంటీబాడీకి పట్టుకొను కొన యొకటి, తోక యొకటి కలవు. మాక్రోఫేజి మొదలగు కణములు ఆ తోకను తమ ఎఫ్‌సీ గ్రాహకములతో అందుకొనును గాన, అసలు గ్రాహకము లేని కణమును రంగు పొందును. దానిని నివారించుటకు 2.4జీ2 అను వేఱొక ఆంటీబాడీతో ఆ ఎఫ్‌సీ గ్రాహకములను ముందుగనే కప్పివేయుదురు. సహజసంహార కణములను పట్టు పీకే136, నల్ల చిట్టెలుకయైన సీ57 జాతిలో పనిచేయును. తెల్లని బాల్బ్-సీ జాతిలో పనిచేయదు. న్యూట్రోఫిల్ కణములను తొలగించుటకై చిరకాలము వాడిన ఆర్‌బీ6-8సీ5, నిజమునకు లై6సీ యను మఱియొక ప్రోటీనును గూడ పట్టును. కావున దానితో తేలిన నిర్ణయములు కొన్నింటిని 1ఏ8 అను సూటియైన క్లోనుతో మరల పరీక్షింపవలసి వచ్చినది. క్లోను పేరు వ్రాయని పరిశోధనాపత్రమును నమ్మరాదని నేననుటకు కారణమిది.

చూచుట యొకయెత్తు, ఆపుట యొకయెత్తు. గ్రాహకమును కప్పివేసిన దాని పని యాగును. ఆగినపుడు ఏమి జరుగునో చూచిన ఆ గ్రాహక మెందులకున్నదో తెలియును. హైదరాబాదున 1948లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున పరిశోధించుచున్న రఫీ అహ్మద్‌గారు దీనికి మహోదాహరణము చూపిరి. ఎల్‌సీఎంవీ వైరసు దీర్ఘకాలము వదలక పట్టిన చిట్టెలుకలలో సంహారక టీ కణములు చావక యుండియు సత్తువ కోల్పోవును. వానిమీద పీడీ-1 అను గ్రాహకము మిక్కుటముగా నున్నట్లు ఆయన బృందము కనుగొని, దానితో జతకూడు పీడీ-ఎల్1ను ర్యాటు ఆంటీబాడీతో కప్పివేయగా, అలసిన కణములు మరల పనిలోనికి దిగినవి, వైరసు తగ్గినది. 2006లో వెలువడిన ఈ పరిశోధన, పీడీ-1ను కనుగొన్న తసుకు హోంజో కృషితోను, సీటీఎల్ఏ-4 అను మఱియొక టీ కణ గ్రాహకముపై జేమ్స్ అల్లిసన్ కృషితోను కలసి, నేటి క్యాన్సరు చికిత్సలకు దారితీసినది. ఆ ఇరువురికిని 2018లో నోబెల్ బహుమతి లభించినది.

ఇక్కడను ఒక జాగ్రత్త యవసరము. సీటీఎల్ఏ-4 ఆంటీబాడీ చిట్టెలుకలలో గ్రాహకమును కప్పుటచేతనే కాక, కణితిలోని నియంత్రక టీ కణములను తోకద్వారా చంపించుటచేతను పనిచేయునని 2013లో తేలినది. కప్పినదా, చంపినదా యని విడదీయని పరిశోధకుడు తన ఫలితమునకు తప్పుడు కారణము చెప్పును.

మన ప్రాంతమున ఈ విద్యకు నేల లేకపోలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శుద్ధజాతి చిట్టెలుకలను పెంచి దేశమందలి పరిశోధనాలయములకు పంపుచున్నది. సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనాలయము దాని పొరుగుననే యున్నది. డాక్టర్ రెడ్డీస్ సంస్థ బీ కణములమీది సీడీ20ని పట్టు రిటుక్సిమాబ్‌ను 2007లో రెడిటక్స్ పేర హైదరాబాదునుండి వెలువరించినది. డోన్‌లో రైలెక్కినవారికి హైదరాబాదు దూరము కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్ కళాశాలలలో జంతుశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము బోధించు అధ్యాపకులకు నా విన్నపము: హైబ్రిడోమా పాఠమును పరీక్షకై వల్లెవేయించుటతో విడువక, మూడవ సంవత్సరపు విద్యార్థులను ఒక్కసారియైన ఆ ప్రయోగశాలలకు తీసికొనిపోయి, కణములు లేజరు ముందు ప్రవహించు యంత్రమును కన్నులార చూపింపుడు; హ్యాట్ ద్రవమునుగూర్చి చెప్పునపుడు సుబ్బారావుగారి పేరును తప్పక చెప్పుడు.