జవాబు 809

ఎన్నికలు వచ్చాయంటే తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీచర్ల ఇళ్లలో ముందుగా వినిపించే ప్రశ్న "డ్యూటీ పడిందా?" అని. డ్యూటీ ఆర్డరుతో పాటే ట్రైనింగు తేదీ కూడా వస్తుంది. ఏ డిగ్రీ కాలేజీలోనో, ఏ పెద్ద హైస్కూల్లోనో వందలమందిని కూర్చోబెట్టి పోలింగు ఎలా నడపాలో నేర్పుతారు. ఇంటికొచ్చాక ఆ ట్రైనింగు గురించి మనం చెప్పుకునేవి భోజనాల సంగతులు, బస్సుల సంగతులు. నేర్పినవారి ఊసు ఎవరూ ఎత్తరు. ఆ మాస్టర్ ట్రైనర్ల మీద నాకు చాలా గౌరవం. ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం ఎంత సూక్ష్మమైన విద్యో వాళ్ల పని దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది.

మాస్టర్ ట్రైనర్ అన్నది పోస్టు పేరు కాదు. మామూలు రోజుల్లో ఆ మనిషి లెక్కల మాస్టారో, కాలేజీ లెక్చరరో, డిప్యూటీ తహసీల్దారో అయి ఉంటారు. ఎన్నికల సంఘం శిక్షణ అంచెలంచెలుగా దిగుతుంది. జాతీయ స్థాయి ట్రైనర్లు రాష్ట్రం వాళ్లకు, రాష్ట్రం వాళ్లు జిల్లా వాళ్లకు, జిల్లా వాళ్లు నియోజకవర్గం వాళ్లకు నేర్పుతారు. ఈ శిక్షణల కోసమే ఎన్నికల సంఘం 2011లో ఢిల్లీలో ఇండియా ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెమోక్రసీ అండ్ ఎలక్షన్ మేనేజ్‌మెంట్ అనే సంస్థను పెట్టింది. అయితే ఇన్ని అంచెలు దిగేసరికి ఏ మాటైనా పలచబడుతుంది. పోలింగ్ సిబ్బంది ఎదుట చివరికి నిలబడేది నియోజకవర్గం ట్రైనరే. పలచబడినదాన్ని మళ్లీ చిక్కగా చేసి చేతికందించే భారం ఆ ఒక్కరి మీద పడుతుంది.

ఎదురుగా కూర్చున్నవాళ్ల పరిస్థితి కూడా చూడాలి. సిబ్బందిని కంప్యూటర్ ద్వారా మూడు విడతల ర్యాండమైజేషన్‌లో ఎంపిక చేస్తారు. తనకు ఏ పోలింగ్ కేంద్రం పడిందో సామగ్రి తీసుకుని బయల్దేరే వేళ దగ్గర పడేదాకా ప్రిసైడింగ్ అధికారికి తెలియదు. మొదటి ట్రైనింగు నాటికి తన టీములో ఎవరుంటారో కూడా తెలియదు. ఎన్నిక నిష్పక్షపాతంగా జరగాలంటే ఇది అవసరమే. కానీ దీనివల్ల ట్రైనరు పని రెట్టింపవుతుంది. 'పక్కనున్న సారుకు తెలుసులే' అని ఎవరూ ధీమాగా కూర్చోవడానికి వీల్లేకుండా, ప్రతి ఒక్కరూ ఒంటరిగా గట్టెక్కగలిగేలా తయారుచేయాలి. పైగా ఇక్కడ నేర్చుకున్నది ప్రశాంతంగా వాడుకునేదీ కాదు. ముందురోజు సాయంత్రం తెలియని ఊరు చేరి, బడి గదిలో బెంచీల మీద పడుకుని, నిద్ర చాలని కళ్లతో, అభ్యర్థుల ఏజెంట్లు చుట్టూ నిలబడి చూస్తుండగా వాడాల్సిన విద్య అది.

ఆ తెల్లవారుజామున మొదటి పరీక్ష మాక్ పోల్. పోలింగు ఏడింటికి మొదలయ్యేట్టయితే గంటన్నర ముందు, అంటే ఐదున్నరకే మాక్ పోల్ మొదలుపెట్టాలి. ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లు వేసి చూపించాలి. తర్వాత ఈవీఎం కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు వరసగా నొక్కాలి. ట్రైనర్లందరూ దీన్ని సీఆర్‌సీ అంటారు. ఫలితం చూపించి, ప్రతి ఓటుకూ వీవీప్యాట్ యంత్రం అచ్చువేసిన చీటీలతో సరిచూసి, ఆ ఓట్లన్నీ చెరిపేసి, సున్నా చూపించాలి. వీవీప్యాట్ డబ్బాలోంచి చీటీలు తీసి, వెనక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేయాలి. అప్పుడే అసలు పోలింగు.

చదివితే ఇందులో కష్టమేమీ కనిపించదు. కానీ ఏజెంట్ల హడావిడి, బయట పెరుగుతున్న క్యూ, గడియారంలో ఏడు కొట్టబోతుండటం, వీటన్నిటి మధ్య ఎవరైనా ఫలితం చూపించి, క్లియర్ నొక్కడం మరిచి సీళ్లు వేసేస్తే? ఉత్తుత్తి ఓట్ల మీదే అసలు ఓట్లు పడతాయి. లెక్కింపు రోజున ఆ కంట్రోల్ యూనిట్‌ను పక్కన పెట్టాలి. గెలుపు తేడా అలాంటి కేంద్రాల ఓట్ల కంటే తక్కువైతే వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాల్సి వస్తుంది. ఒక్క మీట నొక్కని పాపానికి ఇంత జరుగుతుంది. ఆ ఒక్క క్షణం ఎక్కడుందో ముందే గుర్తించి, రోజంతా నడిచే ట్రైనింగులో సింహభాగం దానికే కేటాయించడంలో ట్రైనరు తెలివి బయటపడుతుంది. చెప్పాల్సినవి వందుంటే వందా చెప్పి దిగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఏది పుస్తకంలో చదువుకోవచ్చు, ఏది చేత్తో చేస్తే తప్ప రాదు అని విడదీయగలిగినవాళ్లు తక్కువ.

నేను చూసిన ఒక ట్రైనర్, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ, ఈ విడదీయడంలో దిట్ట. పసుపు స్టిక్కరున్న ట్రైనింగు యంత్రాలు బల్లల మీద పెట్టి ముందువరసలో ఉత్సాహంగా ఉన్నవాళ్లను వదిలేసి, గోడవారగా కూర్చున్న పెద్దాయన్ని పిలిచారు. "సార్, మీరు రండి. అందరికీ మీరే చూపించాలి." వీవీప్యాట్ వెనక ఒక నాబ్ ఉంటుంది. రవాణాలో అడ్డంగా ఉంటుంది, పనిచేయించేటప్పుడు నిలువుగా తిప్పాలి. ఆవిడ దాన్ని కావాలనే అడ్డంగా ఉంచారు. ఆయన బ్యాలెట్ యూనిట్ కేబుల్ వీవీప్యాట్‌కు, వీవీప్యాట్ కేబుల్ కంట్రోల్ యూనిట్‌కు సరిగ్గానే కలిపారు. స్విచ్ మీదకు చెయ్యి పోతుండగా ఆవిడ "ఆగండి సార్, వెనక చూశారా?" అన్నారు. పక్కవాళ్లు చెప్పబోతే వారించారు. ఆయనే వంగి వెతికి, నాబ్ కనుక్కుని, నిలువుగా తిప్పి, అప్పుడు ఆన్ చేశారు. ఇక ఆ నాబ్ సంగతి ఆయన జన్మలో మరిచిపోరు.

ఆవిడ పెట్టుకున్న నియమం ఇంకొకటుంది. ఏ మీటైనా నొక్కే ముందు దాని పేరు పైకి చెప్పాలి. "రిజల్ట్ నొక్కుతున్నాను. క్లియర్ నొక్కుతున్నాను." ఇది వట్టి క్రమశిక్షణ కోసం కాదు. గట్టిగా చెప్పే అలవాటుంటే పోలింగ్ రోజున ఏజెంట్ల చెవిన కూడా పడుతుంది, టీములో మిగతావాళ్ల చెవిన కూడా పడుతుంది. క్లియర్ అన్న మాట వినపడకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. మరుపుకు మందు జ్ఞాపకశక్తి ఒక్కటే కాదని తెలిసిన మనిషి మాత్రమే ఇలాంటి నియమం పెట్టగలరు.

ఇక నన్ను నిజంగా కట్టిపడేసింది ఆవిడ తయారుచేసిన ఒక లెక్క. పోలింగు ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సి నింపాలి. యంత్రంలో ఎన్ని ఓట్లున్నాయి, రిజిస్టరు ప్రకారం ఎన్ని ఉండాలి, రెండూ కలుస్తున్నాయా అన్నది అందులో రాసి, ఏజెంట్లకు నకలు ఇవ్వాలి. అలసట తలకెక్కిన వేళ చేసే కూడిక, తీసివేత ఇది. ఆవిడ ఇచ్చిన లెక్క ఇలా ఉంది: ఓటర్ల రిజిస్టరు 17ఎలో 812 మంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరు సంతకం చేశాక ఓటు వేయనని వెళ్లిపోయారు, అది 49-ఓ నిబంధన కిందికి వస్తుంది. ఒకరు హెచ్చరించినా వినకుండా ఓటు రహస్యాన్ని పాటించలేదు, 49-ఎం కింద ఓటు వేయనివ్వలేదు. మరో నలుగురు టెండర్డ్ ఓట్లు వేశారు, అంటే అప్పటికే వాళ్ల పేరున ఇంకెవరో ఓటు వేసి వెళ్లిపోయారు. యంత్రంలో ఎన్ని ఓట్లుండాలి?

జవాబు 809. టెండర్డ్ ఓటు కాగితం బ్యాలెట్ మీద పడుతుంది, ఆ ఓటరు సంతకం 17ఎలో కాక 17బి అనే వేరే జాబితాలో ఉంటుంది. కాబట్టి ఆ నలుగురికీ ఈ తీసివేతతో సంబంధం లేదు.

ఇప్పుడు ఆ అంకెలను గమనించండి. ఒకటి, రెండు, నాలుగు. వీటిలో ఏవి కలిపినా వచ్చే మొత్తం మరో కలయికకు సమానం కాదు. అందువల్ల ప్రతి తప్పుకూ వేరే జవాబు వస్తుంది. 812 అని రాసినవారు ఏదీ తీసేయలేదు. 810 అన్నవారు 49-ఎం మరిచారు. 811 అన్నవారు 49-ఓ మరిచారు. 805 అన్నవారు టెండర్డ్ ఓట్లను కూడా తీసేశారు. 806 అయితే టెండర్డ్ ఓట్లు తీసేసి 49-ఎం వదిలేశారు. టెండర్డ్ ఓట్లు నాలుగు కాక ఒకటే ఇచ్చి ఉంటే, 49-ఎం మరిచి టెండర్డ్ ఓటు తీసేసినవారికి కూడా 809 వచ్చేది. రెండు తప్పులు కలిసి ఒప్పు జవాబై కూర్చునేవి, ఆ మనిషి తనకు వచ్చేసిందనుకుని ఇంటికి వెళ్లేవారు. ఆవిడ కాగితాలు ఏరుకుంటూ, అంకె చూస్తూనే, ఎవరి దగ్గర ఏ నిబంధన గురించి మాట్లాడాలో తెలుసుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికే వెళ్లారు. వందమందికి మళ్లీ మొదటినుంచి చెప్పలేదు. ఇంత పొందికైన ప్రశ్నను నేను పోటీ పరీక్షల్లో కూడా అరుదుగా చూశాను.

ఈ విద్యకు శాస్త్రం ఉంది. కేంద్ర ప్రభుత్వంలో సిబ్బంది, శిక్షణ శాఖ ట్రైనర్ల కోసమే కోర్సులు నడుపుతుంది. డైరెక్ట్ ట్రైనర్ స్కిల్స్ ఒకటి, డిజైన్ ఆఫ్ ట్రైనింగ్ ఇంకొకటి. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు బాపట్లలో ఏర్పడిన సంస్థ ఉద్యోగుల శిక్షణకు మనకున్న పెద్ద వేదికలు. ఈ శాస్త్రంలో మొదటి పాఠం లక్ష్యాన్ని ఎలా రాయాలన్నది. 'ఈవీఎంల మీద అవగాహన కల్పించడం' అని రాస్తే అవగాహన వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. 'మూడు యూనిట్లు విడివిడిగా ఇస్తే, ఎవరి సాయం లేకుండా కలిపి, మాక్ పోల్ చేసి, సీఆర్‌సీ పూర్తిచేసి సున్నా చూపించగలగాలి' అని రాస్తే కళ్లతో చూసి చెప్పవచ్చు. ఏం చేయాలి, ఏ పరిస్థితుల్లో, ఏ స్థాయిలో అన్న ఈ మూడు ముక్కల పద్ధతిని అమెరికాలో రాబర్ట్ మేగర్ 1962లో పుస్తకంగా రాశారు. మన శిక్షణ సంస్థలు ఈనాటికీ లక్ష్యాలను ఆ తీరులోనే రాయిస్తున్నాయి.

మంచి ట్రైనరుకు ఉండాల్సిన ఇంకో ధైర్యం, 'ఇది ట్రైనింగుతో తీరేది కాదు' అని పై అధికారికి చెప్పగలగడం. ఏదైనా ఆఫీసులో దరఖాస్తులు ఆగిపోతున్నాయంటే గుమాస్తాకు పని రాకపోవడం వల్ల కావచ్చు, సర్వర్ పనిచేయకపోవడం వల్ల కావచ్చు, ఒక్క మనిషి ముగ్గురి పని చేస్తుండటం వల్ల కావచ్చు. మొదటిదానికి మాత్రమే క్లాసు మందు. మిగతా రెంటికీ క్లాసు పెడితే ఉన్న సమయం కూడా పోతుంది. అవసరాన్ని ఇలా విడదీసి చూడటం కూడా ట్రైనర్లు నేర్చుకునే కోర్సుల్లో భాగమే.

చివర్లో నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి కూడా చూడాలి. క్లాసు నచ్చిందా, భోజనం బాగుందా అన్నది అడగవచ్చు, కానీ అక్కడితో ఆగకూడదు. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడారా, దానివల్ల ఫలితం మారిందా. మన దగ్గర మొదటి మెట్టు దాటి చూడటం అరుదు. ఎన్నికల ట్రైనింగులో మాత్రం మూడో మెట్టు దానంతటదే కనిపిస్తుంది. ప్రతి కేంద్రం నుంచి వచ్చిన 17సి, మాక్ పోల్ సర్టిఫికెట్ రికార్డులో ఉంటాయి. వాటిని తిరగేసి ఏ నియోజకవర్గంలో ఏ తప్పు దొర్లిందో లెక్కతీస్తే, వచ్చే ఎన్నికలకు ఏ బల్ల దగ్గర ఎక్కువసేపు గడపాలో తెలిసిపోతుంది. ఆ పని ఎక్కడికక్కడ జరగాలి.

2012 నాటి జాతీయ శిక్షణ విధానం ప్రతి శాఖ తన జీతాల బడ్జెట్‌లో కనీసం 2.5 శాతం శిక్షణకు పెట్టాలని చెప్పింది. డబ్బుతో పాటు మనుషులను ఎంచుకోవడం కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను ట్రైనరుగా పంపడం మానాలి. 809 లాంటి ప్రశ్న తయారుచేయగలిగినవారు ప్రతి జిల్లాలో ఉన్నారు. కలెక్టర్లూ, విద్యాశాఖ అధికారులూ వాళ్లను వెతికి పట్టుకుని, ఎన్నికలు లేని ఏళ్లలో కూడా ఈ పనికే వాడుకోవాలని, వాళ్లు రాసుకున్న అభ్యాసాలను అచ్చు వేయించి మిగతా ట్రైనర్లకు పంచాలని నా మనవి.