ఎలిఫ్ పత్రిక చదివింది

ఎలిఫ్ గజెతెయి ఒకుదు. టర్కిష్‌లో ఇది మూడు మాటల వాక్యం. ఎలిఫ్ అక్కడ ఆడపిల్లలకు పెట్టే పేరు. గజెతె అంటే వార్తాపత్రిక. మన గెజిట్‌కు చుట్టమే, రెండూ ఇటలీ మాట నుంచి వచ్చినవే. ఒకుదు అంటే చదివింది. కింద తెలుగు రాసి చూడండి: ఎలిఫ్ పత్రికను చదివింది. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపనక్కర్లేదు. ఇంగ్లీషు పుస్తకాలు ‘ఈ భాషలో క్రియ చివర వస్తుంది’ అని హెచ్చరికలా చెబుతాయి. మనకు క్రియ మధ్యలో ఎప్పుడొచ్చింది గనక! టర్కిష్‌ను ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి కాక, తెలుగు నుంచి నేరుగా నేర్చుకోవడమే తేలికని నా నమ్మకం.

గజెతె చివర చేరిన ‘ఇ’ మన ను, ని లాంటిదే. రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో య వచ్చింది. మా అమ్మ మాయమ్మ అయినట్టే. బాలవ్యాకరణం చదివినవాళ్లకు యడాగమం అంటే చాలు. ఈ ‘ఇ’ తీసేసి ‘ఎలిఫ్ గజెతె ఒకుదు’ అన్నా వాక్యమే, కానీ అర్థం మారుతుంది. అప్పుడు ఏదో పత్రిక చదువుకుందని మాత్రమే. ‘ఇ’ ఉంటే ఫలానా పత్రిక, మాట్లాడుకునే ఇద్దరికీ తెలిసినది. తెలుగులోనూ ఈ తేడా లీలగా ఉంది. అయితే ప్రాణం లేని వస్తువుల దగ్గర ‘ను’ పెట్టినా మానినా మనల్ని అడిగేవారు లేరు. ‘బల్లమీదున్న ఆ పత్రిక చదివాను’ అనేస్తాం. టర్కిష్‌లో అది చెల్లదు, ‘ఆ’ అన్నాక ప్రత్యయం పడాల్సిందే. తెలుగు అలవాటుతో కాలు జారే చోటు ఇదే.

ఇక క్రియ. ఒకు ధాతువు, దు భూతకాలం. ఒకుదుమ్ అంటే చదివాను, ఒకుదున్ చదివావు, ఒకుదుక్ చదివాం. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు. లింగభేదం మాత్రం ఎక్కడా లేదు. చదివాడన్నా చదివిందన్నా ఒకుదే. ఎలిఫ్ పేరు తీసేస్తే చదివింది ఆడో మగో వాక్యం చెప్పదు. నవలలు అనువదించేవాళ్లకు తలనొప్పే.

ఒకులో చివరి అచ్చు ఉ కాబట్టి దు వచ్చింది. వచ్చుటకు ధాతువు గెల్, అక్కడైతే గెల్ది. ముందున్న అచ్చు ఎటు పోతే ప్రత్యయం అటే పోతుంది. పులికి అని, అమ్మకు అని రాసే మనకు ఇది మరీ కొత్త కాదు (మాటల్లో చాలామందిమి అమ్మకి అనేస్తాం, అది వేరే సంగతి). మన దగ్గర కొన్ని ప్రత్యయాలకే ఉన్న పద్ధతి అక్కడ భాషంతా పరుచుకుంది. అచ్చులు ఎనిమిది. వాటిలో మూడు మనకు లేవు: పెదవులు చుట్టకుండా పలికే ఉ, చుట్టి పలికే ఇ, చుట్టి పలికే ఎ. అందుకే దు, దిలకు తోడు ఇంకో రెండు రూపాలున్నాయి. ఈ ఎనిమిదింటినీ, పూర్వం టర్కిష్ రాయడానికి వాడిన అరబిక్ లిపి విడివిడిగా చూపలేకపోయేది. ముస్తఫా కెమాల్ హయాంలో 1928 నవంబరు 1న చట్టమైన లాటిన్ లిపిలో 29 అక్షరాలుంటే, అందులో ఎనిమిది అచ్చులవే. లిపి మార్పు వెనక రాజకీయం బోలెడుంది గానీ, అచ్చుల లెక్క మాత్రం కుదిరింది.

ప్రశ్న అడగడం చూడండి. ‘ఎలిఫ్ గజెతెయి ఒకుదు ము?’ అంటే చదివిందా? ‘గజెతెయి ఎలిఫ్ మి ఒకుదు?’ అంటే పత్రికను చదివింది ఎలిఫా? ‘ఎలిఫ్ గజెతెయి మి ఒకుదు?’ అంటే ఎలిఫ్ చదివింది పత్రికనా? అనుమానం ఏ మాట మీదుంటే మనం దానికి ‘ఆ’ తగిలించినట్టే, వాళ్లు మి, ము తగిలిస్తారు. ‘ఎలిఫ్ చదివిన పత్రిక’ అనడానికి ‘ఎలిఫిన్ ఒకుదూ గజెతె’. వరస మళ్లీ అదే. ఎలిఫ్‌కు మాత్రం షష్ఠి తగిలింది.

ఇన్ని పోలికలు చూసి రెండూ ఒక తల్లి బిడ్డలేనేమో అనిపించడం సహజం. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్, 1856లోనే వీటిని టర్కిష్ కూడా ఉన్న ‘సిథియన్’ కుటుంబానికి ముడిపెట్టాలని చూశాడు. ఆ ముడి నిలవలేదు. ఇవి నిర్మాణంలో పోలికలే తప్ప చుట్టరికానికి సాక్ష్యం కావు.

నాకు అన్నిటికంటే నచ్చింది ముష్. ‘ఎలిఫ్ గజెతెయి ఒకుముష్’ అంటే చదివిందట. చెప్పేవాడు చూడలేదు, విన్నాడు. ఇంగ్లీషువాళ్లకు ఇది వివరించడానికి పేజీలు కావాలి, మనకు ఒక్క ట చాలు. అయితే ముష్ అక్కడితో ఆగదు. గదిలోకి వెళ్తే పత్రిక మడతలు విప్పి ఉంది, ఎలిఫ్ లేదు. అప్పుడూ ఒకుముష్ అనే అంటారు. మనమైతే ట వదిలేసి ‘చదివినట్టుంది’ అంటాం. కళ్లెదుటే ఉన్నదాన్ని అప్పుడే గమనించి అనడానికీ అదే ప్రత్యయం. వంట రుచి చూసి ‘చోక్ గ్యుజెల్ ఒల్ముష్’ అంటారు. చాలా బాగా కుదిరిందే అని. అక్కడ ట అని అనువదిస్తే వండినవాళ్లకు కోపం వస్తుంది.