వాకిట్లో తారు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి ముందు జాగాకి ఒక్కటే పని ఉండదు. తెల్లారితే కళ్లాపి, ముగ్గు. కోతల రోజుల్లో ధాన్యం, మొక్కజొన్న గింజలు, ఉద్దానం వైపు జీడిపిక్కలు. పండక్కి చుట్టాలొస్తే నాలుగు కార్లు. కాబట్టి వాకిట్లో తారు వెయ్యాలా వద్దా అన్నది ఆ జాగా ఏడాది పొడుగునా ఏం చేస్తోందో చూసుకుని తేల్చుకోవాలి.

గింజ ఆరబోసే చోట తారు వద్దు. రోడ్ల మీద ఆరబోస్తున్నారుగా అంటారేమో. వేరే చోటు లేక ఆ పాట్లు. కొత్త తారు ఎండకి మెత్తబడుతుంది, గింజకి వాసన పడుతుంది. అక్కడ సిమెంటు కళ్లమే మేలు. బండ్లు తిరిగే దారికీ, కల్యాణ మండపం పక్క పార్కింగుకీ మాత్రం తారు బాగా నప్పుతుంది. సిమెంటులా రోజుల తరబడి తడుపుతూ కూర్చోనక్కర్లేదు, చల్లారాక మర్నాటికి కారు ఎక్కించొచ్చు. ఎక్కడైనా చెడితే అంతవరకే కోసి అతుకు వెయ్యొచ్చు. ముగ్గు సంగతంటారా, నల్లటి తారు మీద తెల్ల ముగ్గు పేడ నేల మీదకన్నా బాగా తేలుతుంది. కళ్లాపికే చోటు లేదు.

లారీలు గంటలకొద్దీ నిలబడే మిల్లు ఆవరణలు, డీజిల్ కారే షెడ్లు తారుకి పనికిరావు. డీజిలూ తారూ ఒకే ముడిచమురు సంతానం. డీజిల్ చుక్క పడిన చోట తారు కరిగి కంకర ఊడివస్తుంది. అలాంటి చోట కాంక్రీటో, మందపాటి పేవర్ బ్లాకులో వేసుకోవాలి. పైడితల్లి సిరిమానోత్సవానికో, అరసవల్లి రథసప్తమికో ఏడాదికి ఒకటి రెండు రోజులు బండ్లు నిలిపే ఖాళీ స్థలానికి తారు దండగ. గ్రావెల్ పోసి రోలర్ తిప్పి, నీరు పోయే కాలవ తీస్తే చాలు.

మన ప్రాంతానికి తారు దూరపు సరుకేం కాదు. విశాఖపట్నంలో కాల్టెక్స్ కంపెనీ 1957లో రిఫైనరీ మొదలుపెట్టింది. ఇప్పుడది హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉంది. మన ఎండలకి సాధారణ వాకిళ్లకి వాడేది వీజీ-30 రకం. బరువు బండ్లు నెమ్మదిగా తిరిగే చోటికి ఇంకా గట్టిదైన వీజీ-40 ఉంది. పల్చటి రకం చవగ్గా వస్తోందని వేయించుకుంటే మే నెలలో మోటారుసైకిల్ సైడు స్టాండు దిగబడి గుంట పడుతుంది.

అయితే రకం గురించి ఎంత తర్జనభర్జన పడ్డా, తారు చెడేది ఎక్కువగా నీటి వల్లే. అనుభవమున్న మేస్త్రీ స్థలం చూడ్డానికొస్తే కంకర ఊసెత్తడు, "నీరెటెల్తాదో ముందు సూడండి బాబూ" అంటాడు. తుపాన్ల తీరం మనది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఎంత నీరు కుమ్మరించాయో చూసినవాళ్లం. ఇంత వానకి మీటరు పొడవుకి రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి. ఆ వాలు ఇంటి గోడ వైపు కాకుండా కాలవ వైపు ఉండాలి. దీన్ని మట్టి పనిలోనే తేవాలి. పైన తారు మందం పెంచీ తగ్గించీ తెద్దామనుకుంటే పల్చబడ్డ చోటుని మొదటి వర్షాకాలమే బయటపెడుతుంది.

కింద నేల ఎలాంటిదో కూడా చూడాలి. పల్లపు పొలాన్ని పూడ్చి వేసిన లేఅవుట్లలో బంకమట్టి నీటికి ఉబ్బి, ఎండకి కుంగుతుంది. పై మట్టి తీసేసి గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరమీదా రోలర్ తిప్పాలి. ఉద్దానం ఇసుక నేలకి ఇంకో తంటా. బరువు పడితే ఇసుక పక్కకి జారుతుంది కనుక అంచుల్లో రాయో సిమెంటు దిమ్మో పాతి కట్టడి చెయ్యాలి. గ్రావెల్ మీద తడి కంకర పొర వేసి గట్టిపరచాక పల్చటి తారు ఎమల్షన్ చల్లుతారు. అది ఇంకి ఆరేదాకా, కనీసం ఒక రోజు, దాని మీద ఎవర్నీ నడవనివ్వకూడదు. ఈ ఒక్కరోజు దగ్గరే చాలామంది తొందరపడతారు.

ఇక రాయి. తూర్పు కనుమల్లో రెండు రకాల రాళ్లు ఎక్కువ. ఎర్రటి చారలతో ఉండే ఖోండలైట్ చెక్కడానికి అనువు, సింహాచలం గుడి శిల్పాలూ కోణార్కూ దానివే. కానీ వాతావరణానికి పొడిబారుతుంది కనుక బండి చక్రాల కింద నిలవదు. నల్లగా, గట్టిగా ఉండే చార్నొకైట్ లాంటి రాయే కావాలి. క్రషర్ నుంచి వచ్చిన కంకర ముక్కలు కోణాలతో ఉండాలి, మట్టి పూత ఉండకూడదు. గ్రానైటు జాతి రాళ్లకి ఒక బలహీనత ఉంది, తారుకన్నా నీటిని ఎక్కువ ఇష్టపడతాయి. దీన్ని ఇంట్లోనే కనిపెట్టొచ్చు. తారు కలిపి పూర్తిగా చల్లార్చిన గుప్పెడు చిప్స్‌ని గాజు గ్లాసులో నీళ్లు పోసి ఓ రోజు ఉంచండి. ప్రయోగశాలలో చేసేది 40 డిగ్రీల వేడి నీటిలో 24 గంటలు, 95 శాతం పూత మిగలాలి. మీ గ్లాసులో రాళ్లు అక్కడక్కడా బోసిగా కనిపిస్తే ఆ కంకర వద్దనండి, లేదా మిశ్రమంలో 2 శాతం పొడి సున్నం కలపమనండి. ఒకప్పుడు గచ్చు నేలకి వాడిన సున్నం ఇక్కడా అక్కరకొస్తుంది.

వేసే రోజు అంతా వేడితోనే ముడిపడి ఉంటుంది. ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల తారుతో కలిపిన మిశ్రమం, పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు. 90కి పడేలోపు రోలింగ్ అయిపోవాలి. టిప్పరు ప్లాంటు నుంచి ఎంతసేపట్లో వస్తుందో కనుక్కోండి, మీద టార్పాలిన్ కప్పి ఉందో లేదో చూడండి. రోలర్ అంచుల నుంచి లోపలికి, పల్లం వైపు నుంచి మెరక వైపుకి నడవాలి. చక్రాలకి నీళ్లు తడపాలి, కానీ నీరు మడుగు కట్టేంత కాదు. చల్లారిన మిశ్రమాన్ని ఎంత నొక్కినా లోపల ఖాళీలుంటాయి, ఆ ఖాళీల్లోంచే వాన దిగుతుంది. వానలో పని పెట్టుకుంటే మిశ్రమం ఇంకా త్వరగా చల్లారుతుంది, అందుకే నవంబరు చివరి నుంచి మే దాకా ఈ పనికి మంచి రోజులు.

చిన్న వాకిలికి ప్లాంటు సరుకు ఒక్క టిప్పరు తెప్పించుకోవడం కష్టం. వెయ్యి చదరపు అడుగులకి 40 మిల్లీమీటర్ల మందాన నొక్కితే సుమారు ఎనిమిదిన్నర టన్నులు పడుతుంది. ఊళ్లో రోడ్డు పని జరుగుతున్నప్పుడు ఆ కాంట్రాక్టర్‌తో మాట్లాడుకుంటే సరుకూ రోలరూ రెండూ కలిసొస్తాయి. ఒప్పందంలో మందం ఎప్పుడూ నొక్కిన తరవాతదే రాయించండి. పరిచినప్పుడు 50 ఉన్నది 40కి దిగుతుంది. టిప్పరు రాగానే కాటా చీటీ అడిగి తీసుకోండి. చీటీలో టన్నులకీ వాకిలి కొలతకీ లెక్క కుదరకపోతే డబ్బులిచ్చేముందే అడగండి.