గుఱ్ఱ మెవ్వరిది?

వంశచరిత్రములు వ్రాయుట యిటీవల మన గృహములలో నొక వేడుకయైనది. వివాహమునకో గృహప్రవేశమునకో అచ్చు వేయించి బంధువులకు పంచిపెట్టెడి యీ చిన్న పుస్తకములను మేము శ్రద్ధతోనే చదువుచుందుము. వానిలో మూలపురుషు డెన్నడును సామాన్యుడు కాడు. అతడు మంత్రియో, దండనాయకుడో, కాకున్న నేదో యొక సంస్థానమున దివానో యై యుండును. కృష్ణ కీవలను నావలను గల యిన్ని కుటుంబములలో నొక్క కుటుంబమునకైనను నీళ్లు మోసిన తాత లేకపోవుట చూడగా, ఆ కాలమున నీళ్లు మోసిన వారెవ్వరో యను సందేహము కలుగక మానదు.

అట్టి గ్రంథ మొకటి వ్రాతప్రతిగా నీ నడుమ మాకడకు వచ్చినది. వ్రాసినవాడు కోడూరివాడు, మాయొద్ద చదువుకొన్నవాడు. వారిది బందరునుండి వచ్చి దివిసీమలో స్థిరపడిన మహమ్మదీయ కుటుంబము. తన తాతకు తాతయైన యొక గుఱ్ఱపు రావుతు జీవితము నతడు నలువది పుటలలో వ్రాసి, దానికి పీఠిక కావలెనని కోరినాడు. పీఠికకు మాఱుగా మేము విమర్శ వ్రాసెదమంటిమి. "మీ యిష్టం మాస్టారూ, పేర్లు మాత్రం వేయకండి" అని నవ్వి యొప్పుకొన్నాడు. కావున పేర్లు చెప్పము. ఈ గ్రంథములోని తప్పులు ఒక్కనివి కావు, మన యందఱివి. గుణములు మాత్ర మతనివే.

మొదట గుణములు చెప్పుదుము. భాష తేట తెలుగు. వ్రాసినవాడు పెద్దలను వెదకికొని పోయి, వారి యరుగులమీద కూర్చుండి విన్నాడు. 1977 నవంబరు 19వ తేదీనాటి యుప్పెన దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములను గొన్నప్పుడు, ఆ యింటి కొయ్యపెట్టెయు, అందులోని కాగితములును, ఒక పతకమును నీటిపాలయ్యెనట. ఆ సంగతిని వ్రాసిన రెండు పుటలు ఈ గ్రంథములో నుత్తమములు. అక్కడ నతడు ఏ యలంకారమును తెచ్చిపెట్టలేదు. పెట్టె యెంత పొడవో, దానికి తాళ మెట్లుండెడిదో, నీరు తీసిన పిమ్మట గోడమీద మరక యెంత యెత్తున నిలిచెనో చెప్పి యూరకున్నాడు. చదువరి కన్నులు చెమర్చుట కంతకంటె నక్కఱలేదు.

ఇక గుఱ్ఱ మెక్కగానే యతని కలము దారి తప్పినది. గ్రంథముప్రకారము ఆ తాత మద్రాసు గుఱ్ఱపు దళమున రిసాలుదారు; తెల్లని యశ్వమును స్వారి చేసినవాడు; 1918వ సంవత్సరమున హైఫా నగరముపై దూకిన దండులో ముందువరుసవాడు; "ఊరిలో పెద్ద ఆసామి". ఈ నాలుగు మాటలను వరుసగా పరీక్షింతము.

హైఫా మాట ముందు. 1918 సెప్టెంబరు 23వ తేదీన ఆ పట్టణమును గుఱ్ఱములపై పోయి పట్టుకొన్నవారు ప్రధానముగా జోధపురము, మైసూరు సంస్థానముల రావుతులు. ఆ బ్రిగేడులోనే నిజాముగారి హైదరాబాదు లాన్సర్లును ఉండిరి. మద్రాసు దళము లేవియు నక్కడ లేవు. కావున నీ గ్రంథములో మద్రాసు నిలిచినచో హైఫా నిలువదు. హైఫా నిలిచినచో మద్రాసు నిలువదు. మఱి హైదరాబాదు పేరు విని చాలమంది పొరబడు చోటొకటి కలదు. నిజాముగారి సొంత లాన్సర్లు వేఱు. ఆంగ్లేయుల యాజ్ఞలో నడచిన హైదరాబాదు కంటింజెంటు వేఱు. ఈ కంటింజెంటు గుఱ్ఱపు దళములు 1903లో భారతసైన్యములో కలిసి 20వ దక్కన్ హార్సు, 29వ లాన్సర్లు, 30వ లాన్సర్లు అను పేళ్లు పొందినవి. వీనిలో మొదటి రెండును ఫ్రాన్సు దేశమున యుద్ధము చేసి 1918లో పాలస్తీనాకు పోయినవే కాని, అక్కడ వేఱు బ్రిగేడులలో నుండినవి. ఇంటి పెద్ద "హైదరాబాదు దండులో పాలస్తీనా పోయినాడు" అన్నంతమాత్రమున మనుమడు హైఫా చేర్పరాదు.

రెండవది రిసాలుదారు పదవి. రిసాలుదారు భారతీయాధికారి, సవారు సామాన్య సైనికుడు. ఈ రెంటి నడుమ దఫేదారు, జమాదారు మొదలగు మెట్లు కలవు. ఆధార మేమని యడిగితిమి. "సవారు అని వ్రాస్తే నలుగురిలో బాగుండదని..." అని నసిగినాడు. అనగా పదవి నిచ్చినది ప్రభుత్వము కాదు, మనుమడే. బ్రతికియుండగా నెవ్వరు నియ్యని పదవిని చచ్చినవానికి మన మిచ్చుట గౌరవ మగునా? అతడు సవారుగా చేసిన సేవ మన కంటికి చాలలేదని చెప్పుటయే యగును కదా!

మూడవది "పెద్ద ఆసామి" యను మాట. ఇదియే మా విమర్శకు మూలము. ఈ మాట యెక్కడిదని యడుగగా తమ నానమ్మ చెప్పినదనెను. ఒక యాదివారము కోడూరు పోయి ఆమెను చూచితిమి. ఎనుబదియేండ్ల వృద్ధురాలు, జ్ఞాపకము చెడలేదు. ఆమె కోడలిగా వచ్చిన క్రొత్తలో ఆ రావుతు భార్య యింకను బ్రతికియుండెనట. ఆ ముసలమ్మ నోట విన్నదానినే యీమె మాకు చెప్పినది: "కడియాలూ, మురుగులూ అన్నీ అమ్మి అసామీ కట్టారంట పంతులుగారూ. అసామీ కడితేగానీ గుర్రం లేదు, గుర్రం లేందే నౌకరీ లేదు. ఆ వెండి మళ్లీ ఒంటిమీదికి రాలేదని చచ్చేదాకా చెప్పుకునేది."

చదువరులు గమనింతురు గాక. నానమ్మ చెప్పినది "అసామీ కట్టినారు" అని. మనుమడు విన్నది "ఆసామి" యని. తెలుగున ఆసామి యనగా కలవాడు, భూవసతి గల పెద్దమనిషి. దండులో అసామీ యనగా వేఱు. కొన్ని గుఱ్ఱపు దళములలో ప్రభుత్వము గుఱ్ఱము నియ్యదు. చేరువాడే సొమ్ము చెల్లించి గుఱ్ఱముతో కూడిన యొక స్థానమును సంపాదింపవలెను. ఆ స్థానము పేరు అసామీ. గుఱ్ఱమును, జీనును, మేతను అతని జీతమునుండియే గడువవలెను. ఈ పద్ధతిని సిలేదారీ యనిరి. సొమ్ము లేనివాడు ఇతరుని గుఱ్ఱ మెక్కి తక్కువ జీతమునకు బారగీరుగా నుండవలసినదే. కావున ఏ రావుతు కథ విన్నను మొదట నడుగవలసిన ప్రశ్న, ఎన్ని యుద్ధములు చేసినాడని కాదు, గుఱ్ఱ మెవ్వరిదని.

ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానముతో పై చిక్కు సగము విడిపోవుచున్నది. ఇరువదవ శతాబ్ది మొదట మద్రాసునుండి వచ్చిన మూడు గుఱ్ఱపు దళములలోను సిలేదారీ లేదు; అక్కడ గుఱ్ఱములు ప్రభుత్వమువి. కంటింజెంటునుండి వచ్చిన దళములలో సిలేదారీ యుండెను. మహాయుద్ధము ముగిసిన పిమ్మట 1921లో గాని యా పద్ధతి పోలేదు. వెండి యమ్మి యసామీ కట్టినవాడు మద్రాసు దళమువాడు కాజాలడు. దక్కను మహమ్మదీయులను చేర్చుకొనుచుండిన హైదరాబాదు దళములలో నొకదానివాడై యుండుట మిక్కిలి సంభావ్యము. పోయిన పతకము చేయలేని పని నొక యిల్లాలి కడియములు చేసినవి. కాని ఆ కడియముల మాట గ్రంథములో లేదు. ఎందుకు విడిచితివని యడుగగా, "పేదరికం బయట పెట్టుకోవడ మెందుకని" అన్నాడు. ఏ సంగతి సిగ్గని దాచెనో అదియే తాతను పట్టియిచ్చు సాక్ష్యమని యతనికి తోచలేదు.

తెల్లని యశ్వమునుగూర్చి యెక్కువ చెప్పము. కావ్యములలో తెల్లగుఱ్ఱము బాగుండును. దక్కన్ హార్సువా రీటెలు పట్టి సోమ్ రణరంగమున హైవుడ్ అను వనము చెంత దూకినది 1916 జూలై 14వ తేదీ. అట్టి దినములు అరుదు. ఫ్రాన్సులో నున్న కాలములో హెచ్చుభాగము ఆ రావుతులు వెనుక దండులో వేచియుండుటలోను, గుఱ్ఱములకు నీరు పెట్టి మాలీషు చేయుటలోను, వంతులవారిగా గుఱ్ఱములు దిగి బురద కందకములలో నిలుచుటలోను గడచినది. గుఱ్ఱమును చూచుకొనుటయే రావుతు బ్రదుకు. నలువది పుటల గ్రంథములో గుఱ్ఱమునకు దాణా పెట్టిన వాక్య మొక్కటియు లేదు. మేత కోసినవాడు లేడు, లాడము కొట్టినవాడు లేడు. ఇట్టి గ్రంథములోని గుఱ్ఱము పటములోనిది గాని ప్రాణముగలది కాదు.

మా సీమకు వంశచరిత్రము క్రొత్త కాదు. గణపేశ్వరమున శకవర్షము 1153, అనగా 1231వ సంవత్సరమున జాయప సేనాని వేయించిన శాసనము తన పూర్వులగు దివిప్రభువులను తరముతరముగా కీర్తించుచున్నది. కాకతి గణపతిదేవుడు ఆ వంశపు కన్యలను నారమాంబను, పేరమాంబను వివాహమాడి, వారి సోదరుడగు జాయపను గజసైన్యమున కధిపతిని చేసెను. నృత్తరత్నావళి వ్రాసిన మహావిద్వాంసు డితడే. ఆ శాసనమును మే మెంతయు నాదరింతుము. కాని దానిలో ఏనుగుల నాయకు డున్నాడు. ఏనుగునకు మేత వేసినవాడు లేడు. ప్రభువుల చరిత్రము ప్రభువులు వ్రాయించుకొన్నారు. రావుతు మనుమడును వ్రాయ నేర్చి, ఆ ప్రభువుల ధోరణినే యెత్తికొన్నచో నిక రావుతు సంగతి చెప్పు వారెవ్వరు?

దీనికి ప్రత్యుదాహరణముగ నింకొక ఱాయి కలదు. నల్లగొండ సీమలోని చందుపట్లలో 1289వ సంవత్సరపు శాసన మొకటి యున్నది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. అతడు దండనాయకుడ నని చెప్పుకొనలేదు. మల్లికార్జున నాయకుని బంటు నని చెప్పుకొన్నాడు. మరణించిన రుద్రమదేవికిని తన నాయకునికిని పుణ్యముగా దేవునికి భూమి యిచ్చితినని వ్రాయించినాడు. కాకతి రుద్రమ మరణకాల మీనాడు మనకు తెలియుట కాధార మా బంటు ఱాయియే. తనది కాని పదవిని కోరక, తానున్న చోటనే నిలిచి చెప్పినవాని మాట యేడువందలయేండ్ల పిదప రాణి చరిత్రకు సాక్షి యయ్యెను.

ఇంకొక చిక్కును చెప్పి ముగింతుము. సైనికుల జాడ తీయువారికి యుద్ధమున మడిసినవా రొకవిధముగా దొరకుదురు. 1927లో ఫ్రాన్సునందు నవ్‌షాపెల్‌లో కట్టిన స్మారకముమీద నాలుగువేల యేడువందలకు పైగా భారతీయుల పేళ్లున్నవి. 1931లో ఢిల్లీలో ప్రారంభించిన తోరణముమీద పదుమూడువేలకు పైగా నున్నవి. బ్రదికి యిల్లు చేరినవాని పేరు ఱాతిమీద నుండదు. పంజాబునుండి పోయిన మూడు లక్షల యిరువదివేల మంది వివరములుగల పుస్తకములు లాహోరు ప్రదర్శనశాలలో నుండుటచే, అవి 2021 నుండి లోకమునకు తెలిసి యెన్నో కుటుంబములకు తాతలు దొరకిరి. మన సీమలో సవారు జాడకు ఇంటి మాటయే మొదటి కాగితము. ఆ మాటను పట్టుకొనియే మద్రాసు, లండను దఫ్తరఖానలకు పోవలెను. ఆ మాటయందే కల్తీ కలిపినచో దఫ్తరములలో రిసాలుదారును వెదకుచు సవారును దాటిపోవుదుము.

అన్యుల ప్రభుత్వమునకు సేవ చేసినాడని తాతను నిందింపవలెనా యని మా శిష్యు డడిగినాడు. అది వేఱు ప్రశ్న. అడుగదగినదే. అయిన నది నిజమైన తాతను గూర్చి యడుగవలెను గాని కల్పితుని గూర్చి కాదు. కూటికొఱకు పోయెనా, కీర్తికొఱకు పోయెనా? ఇల్లాలి వెండి యమ్మి పోయినవానికి కూడే కారణమని మాకు తోచుచున్నది. అట్టివానిని పొగడుట యెంత తొందరపాటో, తెగడుటయు నంతే.

పదిదినముల పిమ్మట వ్రాతప్రతి తిరిగి వచ్చినది. రిసాలుదారును కొట్టివేసి సవారని వ్రాసినాడు. హైఫా పోయినది, తెల్లగుఱ్ఱమునకు రంగు పోయినది. మద్రాసు దళమున్న చోట "హైదరాబాదు దళములలో నొకదానివాడు కావచ్చును" అని యున్నది. "కావచ్చును" అను నా మాటకు మేము మిక్కిలి సంతోషించితిమి. కడియముల కథ మొదటి పుటకు వచ్చినది. వంశవృక్షమున మునుపు పురుషులే యుండిరి. ఇప్పుడు ఆ రావుతు ప్రక్క నతని భార్య పేరు చేరినది. నానమ్మ నడుగగానే చెప్పినదట. ఇన్నాళ్లు చెప్పలేదేమని మనుమ డడిగినందుకు, "నువ్వు అడిగితేగా నాయనా" అన్నదట.

అసామీ యనునది అరబ్బీ మాట. ఆ భాషలో దాని మొదటి యర్థము "పేర్లు" అని. ఆమె వెండితో కొన్న స్థానమున పట్టీలో నెక్కినది భర్త పేరు. ఆమె పే రెక్కుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఇప్పుడు పీఠిక వ్రాయుటకు మాకు అభ్యంతరము లేదు. ఈ మాసమే వ్రాసి పంపుచున్నాము.