వధ్యస్థానానికి నడిచే దారిలో జనవాక్యం: మృచ్ఛకటికం దశమాంక పరిశీలన

హత్యానేరం రుజువైన వ్యక్తికి మరణశిక్ష ఉండాలా అన్న ప్రశ్నకు ప్రజాభిప్రాయాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు దానిని సాధారణంగా ఒక స్థిరమైన వస్తువుగా భావిస్తారు. సమాజం ఇలా కోరుతున్నదంటారు, జనం సహించరంటారు. ఆ జనం ఎవరిని చూశారు, ఏ చాటింపు విన్నారు, ఎవరి సాక్ష్యాన్ని నమ్మారు, ఎవరి సాక్ష్యాన్ని తోసిపుచ్చారు అన్న ప్రశ్నలు అక్కడ తలెత్తవు. ఈ ప్రశ్నలన్నింటినీ ఒకే అంకంలో రంగస్థలం మీదికి తెచ్చిన రూపకం శూద్రకుని మృచ్ఛకటికం. తిరుపతి వేంకటకవులతో సహా పలువురు దీనిని తెనిగించారు. 1967లో ‘వసంతసేన’ పేరుతో తెలుగు చలనచిత్రంగానూ వచ్చింది. అయినా పదవ అంకాన్ని నాయికానాయకుల పునస్సమాగమ ఘట్టంగా, నిర్వహణసంధిగా చదవడమే మనకు అలవాటు. అదే అంకాన్ని జనవాక్య చరిత్రగా చదివితే ఏమి తేలుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొమ్మిదవ అంకంలోని న్యాయసభను ముందుగా గుర్తు చేసుకోవాలి. వసంతసేనను నగల కోసం చంపాడని చారుదత్తునిపై అభియోగం. మోపినవాడు రాజశ్యాలుడైన శకారుడు. నిజానికి ఆమె గొంతు నులిమినవాడు అతడే. ఆమె చనిపోయిందనుకొని ఆకులు కప్పి వచ్చాడు. సభలో సాక్ష్యాలన్నీ ఒకదాని వెంట ఒకటి చారుదత్తునికి వ్యతిరేకంగా పేరుకుంటాయి. అధికరణికుడు మనసులో సందేహిస్తూనే దోషనిర్ణయం చేస్తాడు. నిర్ణయం వరకే తమ అధికారమని, మిగిలినది రాజుదని చెబుతాడు. బ్రాహ్మణునికి వధ తగదు, ధనంతో సహా దేశం నుంచి వెళ్లగొట్టవచ్చునని మనువు మాటను రాజుకు విన్నవిస్తాడు. పాలకుడు దానిని తోసి శూలారోహణాన్నే ఆజ్ఞాపిస్తాడు. ఇంతవరకు ఎక్కడా జనం లేరు. ఒక ప్రాణం తీయాలన్న నిర్ణయం సభకూ రాజుకూ మధ్య ముగిసిపోయింది.

జనం కనిపించేది శిక్ష వీథిలోకి వచ్చాకే. ఎర్రచందనం పూత, మెడలో గన్నేరుమాల, భుజాన శూలంతో చారుదత్తుని ఇద్దరు తలారులు నడిపించుకొని వెళుతుంటారు. నాటకం వారిని చండాలురంటుంది. చాటింపు స్థానాల్లో ఆగి డప్పు మ్రోగించి, ఇతడు ఫలానివాని కుమారుడు, ఫలానివాని మనుమడు, ఫలాని నేరం చేశాడు, సొమ్ముతో పట్టుబడ్డాడు, తానే ఒప్పుకున్నాడు అని చాటుతారు. తీర్పరి పలుకు సంస్కృతం, చాటింపు ప్రాకృతం. తీర్పులోని సందేహం ఈ భాషాంతరంలో పూర్తిగా జారిపోవడం గమనించాలి. సభలో అధికరణికుని గొంతు తడబడింది, చాటింపులో తడబాటు లేదు. జనానికి అందే తీర్పు ఎప్పుడూ ఈ రెండవదే.

అయినా ఉజ్జయిని జనం దానిని నమ్మలేదు. గవాక్షాలలోంచి స్త్రీలు చారుదత్తుని పేరు పలికి కన్నీరు పెడతారు. పురుషులు ఏమీ చేయలేక అతనికి స్వర్గం కోరుకుంటారు. చూడరాని దృశ్యాల్లో మంచివాని మరణం ఒకటని తలారులే జనాన్ని తప్పుకొమ్మంటారు. ఆ జనంలోనే ఉత్తరీయం అంచుతో ముఖం కప్పుకొని దూరంగా తొలగిపోయే పూర్వమిత్రులూ ఉన్నారు. శూద్రకుడు వారినీ వదలలేదు.

ఈ ఏడుపుకు భయపడినవాడు ఒక్కడే, శకారుడు. ఈ అంకంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇది. మేడ మీద నుంచి గుంపును చూసి అతడు మొదట మురిసిపోతాడు. ఒక దరిద్రుణ్ణి చంపడానికి తీసుకువెళితేనే ఇంత జనసమ్మర్దం ఉంటే, తనవంటి గొప్పవాణ్ణి తీసుకువెళ్లేనాడు ఎంతమంది రావాలో అని లెక్క వేస్తాడు. హాస్యపాత్ర నోట వచ్చిన ఈ మాటకు నవ్వనివారుండరు. కాని శిక్షను వేడుకగా చూసే కన్ను ఏమి చూస్తుందో ఆ మాటలో ఉంది. ఆ కంటికి దోషీ నిర్దోషీ ఒకటే, గుంపు పరిమాణమే ముఖ్యం. కొంతసేపటికి అతనికి అసలు చిక్కు తెలుస్తుంది. పౌరులు నమ్మడం లేదు. అందుకని వసంతసేనను నేనే చంపానని స్వయంగా నీ నోటితోనే చెప్పుమని చారుదత్తుని ఒత్తిడి చేస్తాడు. రాజాజ్ఞ ఉంది, సభానిర్ణయం ఉంది, తలారి సిద్ధంగా ఉన్నాడు. శిక్ష అమలుకు మరేమీ అవసరం లేదు. అయినా శకారునికి జనుల అంగీకారం కావాలి. జనం సమ్మతించని వధ తనను ఎప్పటికైనా వెంటాడుతుందని ఆ మూర్ఖునికి కూడా తెలుసు. ప్రజాభిప్రాయం శిక్షకు కారణం కావడానికి ముందే శిక్షకు కవచంగా ఎట్లా పనికివస్తుందో ఇంత స్పష్టంగా చూపిన సన్నివేశం నాకు మరొక రూపకంలో కనిపించలేదు.

ఆ కవచాన్ని చీల్చగల మాట ఒకటి అదే వీథిలో వినిపించింది. శకారుని దాసుడు స్థావరకుడు సంకెళ్లతో మేడ మీద బందీగా ఉండి, చాటింపు విని, ప్రాణానికి తెగించి కిటికీ నుంచి దూకుతాడు. చంపినవాడు నా యజమాని అని అందరి ఎదుటా చెబుతాడు. శకారుడు ఏమాత్రం తొణకడు. వీడు దొంగతనం చేస్తే దండించాను, అందుకే ఈ కక్ష అంటాడు. దాసుని వీపు మీద దెబ్బలే తన మాటకు సాక్ష్యమంటాడు. తలారులు యజమానినే నమ్ముతారు. సత్యం పలికితే ఎవరూ విశ్వసించకపోవడమే దాస్యం తెచ్చిన దుర్గతి అని స్థావరకుడు వాపోతాడు. ఒక్క సంగతి గమనించాలి. చారుదత్తుని కోసం ఏడ్చిన పౌరులలో ఒక్కరూ ఈ దాసుని పక్షాన నోరు విప్పరు. తమ కన్నీటికి ఆధారం కాగల సాక్ష్యం చేతికి అందినా దానిని అందుకోరు.

తరువాతి కథ తెలిసినదే. వసంతసేన భిక్షువుతో పరుగున వస్తుంది. పాలకుడు హతుడై ఆర్యకుడు రాజవుతాడు. వధ్యమాల చారుదత్తుని మెడలోంచి తీసి వసంతసేన శకారుని మీద విసురుతుంది. శకారుణ్ణి చంపండి, ఈ పాపిని ఎందుకు బతకనివ్వాలి అని పౌరుల కేక నేపథ్యంలో వినిపిస్తుంది. శర్విలకుడు ఈడ్పించడం, కుక్కలకు వేయించడం, శూలం, రంపం అంటూ శిక్షల పట్టిక చదువుతాడు. అదే నగరం, అదే పూట, అదే జనం. ఒకే స్త్రీ విషయంలో నేరం మోపబడిన ఒకనికి కన్నీరు, మరొకనికి కేకలు. చారుదత్తుడు మాత్రం శరణన్న శత్రువును ఆయుధంతో చంపరాదని, ఉపకారంతోనే చంపాలని చెప్పి విడిపిస్తాడు. ఆ విడుదల తరువాత శకారుని గురించి జనవాక్యం మళ్లీ వినిపించదు. నాటకం ధూత అగ్నిప్రవేశ ప్రయత్నం వైపు మళ్లిపోతుంది. పౌరులు క్షమను మెచ్చారో గొణుక్కున్నారో కవి చెప్పలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటుంది. జనం మారలేదు, నిర్దోషి కోసం ఏడ్చి దోషిపై కేకలు వేశారు, రెండూ న్యాయమే కదా అనవచ్చు. కాని ఏడ్చే వేళకు చారుదత్తుడు నిర్దోషి అని వారికి తెలియదు. వారికి తెలిసింది అతడు దానాలు చేసి పేదవాడైన సార్థవాహుడని. ఊరు ఎరిగిన మనిషి కనుక చాటింపును నమ్మలేకపోయారు. అతని స్థానంలో ఊరు ఎరగని దరిద్రుడొకడు అదే సాక్ష్యంతో, అదే శూలంతో నడిచి ఉంటే గవాక్షాలు తెరుచుకునేవా? స్థావరకునికి దక్కిన మౌనమే దానికి సమాధానమని నా అభిప్రాయం. మృచ్ఛకటికాన్ని వధదండనపై ధిక్కారంగా కీర్తించడం కూడా అందుకే అతిశయోక్తి. అధికరణికుడు వధకు మారుగా వెలిని సూచించింది చారుదత్తుని వర్ణాన్ని బట్టి. శకారుణ్ణి విడిపించింది ఒక ఉదాత్త వ్యక్తి క్షమ. అందులో ధర్మసూత్రమేదీ లేదు.

ఈ పఠనం మన కాలపు న్యాయభాషకు ఎట్లా వర్తిస్తుందో చూద్దాం. 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం మరణశిక్ష రాజ్యాంగబద్ధతను సమర్థిస్తూనే దానిని అత్యంత అరుదైన కేసులకు పరిమితం చేసింది. ప్రజాభిప్రాయానికి ప్రతినిధులుగా మాట్లాడే బాధ్యతను న్యాయమూర్తులు తమపై వేసుకోరాదని కూడా హెచ్చరించింది. మూడేళ్లకే, 1983లో మచ్ఛీసింగ్ కేసు తీర్పులో సమాజపు సామూహిక అంతఃసాక్షి అనే మాట ప్రవేశించింది. ఆ అంతఃసాక్షి తీవ్రంగా కలతచెందినప్పుడు మరణశిక్షను ఆశించవచ్చునన్నారు. 2009లో బరియార్ కేసులో అదే న్యాయస్థానం బచన్‌సింగ్ చట్రంలో ప్రజాభిప్రాయానికి చోటు కుదరడం కష్టమని వ్యాఖ్యానించింది. సాహిత్య విద్యార్థికి ఇందులో ఆసక్తి కలిగించేది ఆ పదబంధం స్వభావం. అంతఃసాక్షి లోపలి నుంచి పలికేది. సామూహిక అంతఃసాక్షి అన్నప్పుడు మాత్రం మనం వింటున్నది బయటి చాటింపుకు వచ్చిన ప్రతిధ్వనినే కావచ్చు.

తెలుగునేల మీద దీనికి తగిన ఉదాహరణ చిలకలూరిపేట బస్సు దహనం కేసు. 1993 మార్చిలో దోపిడీ ప్రయత్నంలో బస్సుపై పెట్రోలు పోసి నిప్పంటించగా 23 మంది మరణించారు. ఆ ఘోరం విన్నవారెవరూ నిందితులను సమర్థించలేదు, సమర్థించడానికి వీలూ లేదు. ఇద్దరు దళిత యువకులకు మరణశిక్ష పడింది, పై న్యాయస్థానాలు ఖాయం చేశాయి, రాష్ట్రపతి క్షమాభిక్షను నిరాకరించారు. 1997 మార్చి చివర ఉరి ఖాయమైన దశలో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. ఆ వ్యవధిలో పౌరహక్కుల, దళిత సంఘాలు ఊరూరా చేసిన పని ఒక విధంగా చారుదత్తునికి అయాచితంగా దక్కినదానిని ఈ ఇద్దరికి సంపాదించిపెట్టడమే. వీరెవరు, ఎట్లా పెరిగారు, చంపాలన్న సంకల్పం ఉందా, ఇదే నేరం కలవారు చేస్తే ఏ శిక్ష పడేది అన్న ప్రశ్నలను జనం ముందు ఉంచారు. బాలగోపాల్, కన్నబిరాన్‌ల వంటివారు ఆ వాదాన్ని నడిపారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వారి ప్రాణాలకోసం అభ్యర్థించారు. 1998లో రాష్ట్రపతి నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. చనిపోయిన ప్రయాణికుల కుటుంబాల దుఃఖం ఈ వాదాల్లో ఎంత వినిపించిందన్నది వేరే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఆ లోటు ఉద్యమసాహిత్యం తీర్చవలసినదే. కాని 1993లో ఒకటిగా ఉన్న జనవాక్యం నాలుగేళ్లలో చీలిందన్నది కాదనలేని విషయం.

జనం నోరు మూసినచోట ఏమవుతుందో కూడా మనకు తెలుసు. భూస్వామి హత్య కేసులో శిక్షపడిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో ఉరితీశారు. అప్పుడు అత్యవసర పరిస్థితి, పత్రికలపై సెన్సారు. ఇక కేకలే మిగిలినచోటు చటాన్‌పల్లి. 2019 డిసెంబరు 6న అక్కడ ఎన్‌కౌంటరులో చనిపోయిన నలుగురిపై విచారణే జరగలేదు. జనం పోలీసులపై పూలరేకులు చల్లారు. 2022లో వెలుగుచూసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక పోలీసుల కథనం నమ్మదగినది కాదని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని పేర్కొన్నది. చాటింపుకూ వధకూ మధ్య దారే లేకుండా పోయిన సందర్భం అది. చారుదత్తునికి కనీసం నడవడానికి ఒక వీథి ఉంది.

ఆ వీథి పొడవును పెంచినవారు పౌరులు కారు. నేడు చంపవలసిన వంతు ఎవరిదని తలారులు వాదులాడుకుంటారు, గీతలు గీసి లెక్క కడతారు. వంతు వచ్చినవాడు చనిపోతూ తన తండ్రి చెప్పిన బుద్ధిని తలచుకుంటాడు. వధ్యుణ్ణి తొందరపడి చంపవద్దు. ఏ పుణ్యాత్ముడో డబ్బిచ్చి విడిపించవచ్చు, రాజుకు కొడుకు పుట్టి ఆ వేడుకలో అందరినీ వదిలిపెట్టవచ్చు, ఏనుగు కట్టు తెంచుకొని ఆ గందరగోళంలో తప్పించుకోవచ్చు, రాజే మారవచ్చు. తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన ఈ వృత్తిరహస్యంలో నేరం గురించి గాని, ధర్మం గురించి గాని, జనం గురించి గాని ఒక్క మాట లేదు. ఉన్నదల్లా ఆలస్యం. చివరి కారణం ఆ పూటే నిజమైంది, రాజు మారాడు. తలారి ఎత్తిన కత్తి చేతి నుంచి జారిపడింది, వసంతసేన అందుకోగలిగింది. చారుదత్తుడు ఆ ఇద్దరికీ ఇప్పించిన బహుమానం వారి కులానికంతటికీ ఆధిపత్యం. ఆర్యకుని కొత్త రాజ్యంలో వారి వృత్తి ఏమవుతుందన్న విషయాన్ని శూద్రకుడు ప్రస్తావించలేదు.