ఆకు ఎవరిది? బీడీ చట్టంలో ఒక 'అయితే'

ప్రభుత్వం గట్టిగా నియంత్రిస్తే వ్యాపారి దారికొస్తడనేది మన కార్మిక సంఘాల నమ్మకం. నియంత్రణ ఎత్తేస్తే వ్యాపారం పెరుగుతది, దాని వెనకే కూలి కూడా పెరుగుతదనేది 1991 తర్వాత తలెత్తిన సంస్కరణల పండితుల నమ్మకం. ఈ రెండు వాదాలూ చట్టం ఒక ఒడ్డున, వ్యాపారం ఇంకో ఒడ్డున ఉన్నట్టు మాట్లాడతయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బీడీ పరిశ్రమను చూస్తే మధ్యలో ఆ ఏరు కనిపించదు. చట్టం కొలతలిచ్చింది, వ్యాపారి ఆ కొలతలకు అంగీ కుట్టించుకున్నడు. ఇంటి పని, టేకేదారు, పీఎఫ్ నంబరు ఆ అంగీకి గుండీలు. అంగీ తొడుక్కున్నది కంపెనీ, చలికి వణికేది సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఖానాపూర్ వైపు ఊర్లల్ల ఒళ్లో చాట పెట్టుకొని కూచున్న ఆడవాళ్లు.

ముందు ఈ 'ఇంటి పని' సంగతి చూద్దాం. బీడీలు చుట్టడం ఆడవాళ్లు తీరికవేళ ఇంట్లో చేసుకునే పని అనీ, అది ఎప్పటినుంచో ఉన్న అలవాటనీ చదువుకున్నోళ్లు కూడా రాస్తుంటరు. అలవాటు కాదు, లెక్క. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీ అన్నది. బీడీకి కరెంటు అక్కర్లేదు. చాట, కత్తెర, ఆకు కత్తిరించే పర్మా, దారం ఉంటే చాలు. ఇరవై అనే అంకె తగలకుండా ఉండాలంటే కార్ఖానాను ముక్కలు చేసి ఇండ్లకు పంచాలె. 1958లో చింతామణ్ రావు కేసులో సుప్రీంకోర్టు, కంపెనీ దగ్గర ఆకు తంబాకు తీసుకొని బయట చుట్టించే సట్టేదార్లు స్వతంత్ర కాంట్రాక్టర్లే తప్ప ఫ్యాక్టరీ కార్మికులు కారన్నది. వ్యాపారికి ఇంతకంటె మంచి న్యాయసలహా ఎవడిస్తడు? మద్రాసు 1958లో, కేరళ 1961లో బీడీ కార్ఖానాల మీద సొంత చట్టాలు చేసుకుంటే పరిశ్రమ చట్టం లేని చోటికి నడిచిపోయే పరిస్థితి వచ్చింది. పెద్ద యంత్రం లేదు, పునాది లేదు, చిమ్నీ లేదు. రెండు బస్తాల తంబాకు ఎత్తుకుంటే కంపెనీ కదిలినట్టే.

అందుకే 1966లో కేంద్ర చట్టం వచ్చింది, బీడీ సిగార్ కార్మికుల పని పరిస్థితుల చట్టం. ఇది మంచి చట్టమని మన న్యాయవాద మిత్రులంటరు. నేనూ కొంతవరకు ఒప్పుకుంటా. ఇంట్లో చుట్టే మనిషిని 'ఉద్యోగి' అనే నిర్వచనంలోకి తెచ్చిన చట్టాలు ఆ కాలానికి ఎన్నున్నయి? టేకేదారు మధ్యలో ఉన్నా అసలు యజమాని బాధ్యత తప్పదన్నది. ప్రసూతి సౌకర్యం ఇంటి కార్మికురాలికి కూడా వర్తిస్తదన్నది. ఇరవై రోజుల పనికి ఒకరోజు జీతంతో సెలవన్నది. తమ వ్యాపార స్వేచ్ఛకు భంగమని మంగళూరు గణేష్ బీడీ వర్క్స్ మొదలైన యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది.

కాని చట్టాన్ని మనం తీర్పుల్లో కాదు, దాని వాక్యనిర్మాణంలో చదవాలె. 29వ సెక్షన్‌లో యజమాని తయారీ పనిని కార్ఖానా ఆవరణ బయట చేయించకూడదని ఒక నిషేధం ఉంది. వెంటనే 'అయితే' వస్తది. ముడిసరుకు తీసుకొని ఇంట్లో బీడీలు చేసే కార్మికులకు ఇది వర్తించదు. నిషేధం ఒక వాక్యం, మినహాయింపు ఒక వాక్యం, మినహాయింపులోనే మొత్తం పరిశ్రమ. ఇక 'పారిశ్రామిక ఆవరణ' నిర్వచనంలో సొంత నివాస గృహం ఉండదు. అంటే గాలి, వెలుతురు, తాగునీళ్లు, మరుగుదొడ్డి, పిల్లల కోసం క్రెష్ అని ఆ చట్టం రాసిన మంచి సెక్షన్లన్నీ ఆవరణ గోడల లోపలే ఆగిపోతయి. పని మాత్రం గోడ దాటి వాడకొస్తది. తంబాకు దుమ్ము దాని వెంబడే వస్తది. ఇంటి కిరాయి, దీపం, ఆకు తడిపే నీళ్లు, ఆకు కత్తిరించే పూట, ఇవేవీ వెయ్యి బీడీల రేటులో వేరే లెక్కగా ఉండవు. 'ఇల్లు' అని చట్టం రాసినప్పుడు ఏ ఇంటిని ఊహించింది? వసారా, విడి గది, ఆరబెట్టుకునే జాగ ఉన్న ఇంటినా, వానొస్తే ఆకూ పిల్లలూ ఒకే మూలకు చేరే ఒంటిగది ఇంటినా? చట్టానికి కులం తెలియదంటరు. ఇల్లు అనే మాట రాసినప్పుడే కులం దాంట్లకు వచ్చి కూచున్నది.

43వ సెక్షన్ ఇంకో తలుపు తెరిచింది. సొంత ఇంట్లో కుటుంబంతో కలిసి పనిచేసుకునే స్వయం ఉపాధి మనిషికి ఈ చట్టం వర్తించదు. వినడానికి న్యాయంగనే ఉంది. వ్యాపారి దాన్ని ఎట్ల చదివిండో చూడండి. ఆకు, తంబాకు ఇచ్చినట్టు రాస్తే ఆమె ఉద్యోగి. అమ్మినట్టు రాసి, బీడీలు కొన్నట్టు రాస్తే ఆమె స్వయం ఉపాధి మనిషి. ఒక్క క్రియాపదం మారితే యజమాని మాయమైతడు. దేశంలో బీడీ పరిశ్రమ ఉన్నచోటల్లా ఈ 'అమ్మకం కొనుగోలు' పద్ధతి గురించి కార్మిక సంఘాలు మొత్తుకుంటనే ఉన్నయి.

ఇక్కడ ఒకసారి ఆకు వెంబడి వెనక్కి, అడవికి పోదాం. ఎండాకాలం ఆదిలాబాద్ అడవుల్లో, కరీంనగర్ తూర్పు మండలాల్లో తునికాకు కోసేది గోండులు, కోలాములు, మాల, మాదిగ, నేతకాని కుటుంబాలు. తెల్లారకముందే పోయి కోసి, యాభై ఆకుల కట్ట కట్టి, కల్లం కాడికి తేవాలె. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. 1971 ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో ఈ ఆకు కొనే హక్కు ప్రభుత్వానికీ, అది నియమించిన వాళ్లకే దక్కింది. దళారీల దోపిడీ ఆపడానికే ఈ గుత్తాధిపత్యమన్నరు. చివరికి యూనిట్లుగా కోసి టెండర్లో అమ్మితే కొన్నది మళ్లీ కాంట్రాక్టరే. అంపైరే బ్యాటు పట్టుకున్నట్టు, నియంత్రించే సర్కారే వ్యాపారి కూడా అయింది. ఆకు సర్కారుది కాబట్టి కోసినామెకు ఇచ్చేది ధర కాదు, 'సేకరణ కూలి'. ఆ కూలి 1980లలో పైసల నుంచి పెరిగిందంటే ఏ జీవో దయతోనో కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో కట్టరేటు కోసం జరిగిన పోరాటాలు, వాటికి కట్టిన మూల్యం ఈ పాఠకులకు చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఆ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టండి. అడవిలో ఆకు ఆమెది కాదు, కాబట్టి ఆమె ఉత్త కూలి, ధర అడిగే హక్కు లేదు. ఇంట్లో అదే ఆకు ఆమె కొనుక్కున్నది, కాబట్టి ఆమె కూలి కాదు, పీఎఫ్ అడిగే హక్కు లేదు. ఆకు యాజమాన్యం ఎప్పుడు ఎటు తిరిగితే వ్యాపారికి లాభమో అప్పుడు అటు తిరిగింది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి చెప్పి, దాని మీద యాజమాన్య హక్కు అడవి మీద బతికేవాళ్లదన్నది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ 2013 తర్వాత చాలా గ్రామసభలు తమ ఆకును తామే వేలం వేసుకున్నయి. ఇవతలి ఒడ్డున మనకు దక్కింది టెండరు నోటీసే.

చాటన్ దగ్గర ఇంకో కత ఉంది. చుట్టిన బీడీలు కార్ఖానాకు తెస్తే ఏరి, బాగా లేవన్నవి పక్కన పడేస్తరు. వాటికి కూలి లేదు. ముడిసరుకు ఎంతిచ్చిండ్లు, ఏ బీడీలు తీసేసిండ్లు, వాటికి కూలి ఇయ్యాల్నా వద్దా అనే తగాదాలను తీర్చడానికి 39వ సెక్షన్‌లో ఏర్పాటుంది. కాని దినాం రెండు కట్టల బీడీల కోసం ఏ ఆడామె బస్సెక్కి కరీంనగర్ లేబర్ ఆఫీసుకు పోతది? పోయిన నాటి కూలి ఎవరిస్తరు? అయినా ఈ చాటన్ నుంచే ఒక పదునైన మాట పుట్టింది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంటి కార్మికులకు భవిష్యనిధి అక్కర్లేదు, మా అజమాయిషీ వాళ్లమీద లేదని కంపెనీలు వాదించినయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బీడీలను తిరస్కరించే హక్కే సరిపోయేంత అజమాయిషీ అన్నది. ఏ చేత్తో ఆమె కూలి కోసిండో ఆ చేతే యజమాని అని పట్టిచ్చింది. మన సంఘాల కరపత్రాల్లో ఈ తీర్పుకు దొరకవలసినంత చోటు దొరకలేదని నా ఫిర్యాదు.

భవిష్యనిధి 1977లోనే బీడీకి వచ్చింది. మిగతా పరిశ్రమలకు 12 శాతమైతే బీడీకి 10 శాతమే, అదొక రాయితీ. రాయితీ ఇచ్చినా నంబరు ఇయ్యడం యజమానికి భారమే. కాబట్టి నంబర్లు పొదుపుగా ఇచ్చుడు మొదలైంది. పుస్తకంలో ఒకరి పేరు, చాట ముందర ముగ్గురు. అత్త నంబరు మీద కోడలు, అక్క నంబరు మీద చెల్లె చుట్టినవి చేరతయి. ఎక్కువ చుట్టినా ఒక్క పేరే కాబట్టి ఒక్కరి ఖాతాలోనే పడతయి. మిగిలినోళ్లు చట్టానికి పుట్టనే లేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల జీవన భృతి ఇచ్చింది, 2019లో 2016 రూపాయలకు పెంచింది. మంచిదే, ఎన్నో ఇండ్లల్ల పొయ్యి వెలిగించిన పైసలవి. కాని అర్హతకు పెట్టిన గీత 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నంబరు ఉండాలని. అంటే కంపెనీ చేసిన తప్పు కంపెనీని శిక్షించలేదు. నంబరు ఇయ్యనోడు నిమ్మళంగ ఉన్నడు, నంబరు రానామెకు భృతి రాలేదు. యజమాని నిర్లక్ష్యాన్ని సర్కారు తన జాబితాగా నకలు చేసుకున్నది. నియంత్రణ వ్యాపారి నడవడిని మారుస్తదంటిమి గదా, ఇక్కడ వ్యాపారి నడవడే సంక్షేమానికి నియమమైంది.

పన్ను చట్టం కూడా ఇట్లనే కొలతలిచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చేదాకా ఏడాదికి 20 లక్షల లోపు బీడీలు చేసేవాళ్లకు ఎక్సైజు సుంకం మినహాయింపు ఉండేది. ఒక మనిషి దినానికి వెయ్యి చొప్పున 250 రోజులు చుడితే రెండున్నర లక్షలు. అంటే చట్టం దృష్టిలో 'చిన్న' వ్యాపారి ఎనిమిదిమంది ఆడవాళ్ల ఒళ్లంత పెద్దవాడు. ఆ కొలతకు సరిపోయేటట్టు ఎన్ని పేర్ల మీద ఎన్ని కొట్లయినా పెట్టుకోవచ్చు. జీఎస్టీతో పాటే బీడీ సెస్సూ పోయింది. 1976 చట్టాల కింద కార్మికుల దవాఖానలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇండ్లకు పైసలొచ్చే దారి అదే. ఇప్పుడవి బడ్జెట్ దయ మీద ఉన్నయి. 2016 ఏప్రిల్లో కట్ట మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేయాలన్నప్పుడు ఉత్పత్తి ఆపిన కంపెనీలు, లక్షలమంది పేద ఆడవాళ్లు ఆకలితో చస్తరని ఢిల్లీకి మొరపెట్టుకున్నయి. పీఎఫ్ అడిగినప్పుడు లెక్కకు రాని మనుషులు, బొమ్మ వద్దన్నప్పుడు లక్షల్లో లెక్కకొచ్చిండ్లు.

ఈ పరిశ్రమను దళిత దృష్టితో చదవడం మనకు కొత్త కాదు. విదర్భలో, మన ఆదిలాబాద్‌కు ఎగువన, బీడీ పనిలో మహర్లు పెద్దసంఖ్యలో ఉండేవాళ్లు. జైభీమ్ అనే పలకరింపును వాడుకలోకి తెచ్చిండని చెప్పుకునే కామ్టీ బాబు హర్‌దాస్ బీడీ కార్మికులను సంఘం కట్టినవాడే. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, 1944లో వేసిన రేగే కమిటీ బీడీ కార్ఖానాల మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. వామపక్ష సంఘాలు కరీంనగర్‌లో కూలిరేట్ల కోసం గట్టిగా కొట్లాడినయి, దాన్ని తక్కువ చెయ్యను. కాని వాళ్ల పత్రాల్లో 'బీడీ కార్మికురాలు' ఒకే ముఖం. పద్మశాలి ఇంటామె, ముస్లిం ఇంటామె, మాదిగ ఇంటామె ఒకే రేటుకు చుట్టినా ఒకే తీరున నంబరు దొరకదు. టేకేదారు ఏ కులపోడు, కార్ఖానా ఏ వీధిలో ఉంది, ఆకు బాగున్న బస్తా ముందు ఎవరికి పంచిండు అనే ప్రశ్నలు రేటు ఒప్పందాల్లో ఉండవు. కేరళలో 1968లో చట్టం అమలు చెయ్యమనగానే మంగళూరు కంపెనీలు కార్ఖానాలు మూసుకొని పోతే, మరుసటేడు కన్నూరులో కార్మికులే సర్కారు సాయంతో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నరు. మన దగ్గర అట్లాంటిది ఎందుకు నిలబడలేదో రాయవలసిన చరిత్ర ఇంకా రాయలేదు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చినయి. 1966 చట్టం రద్దయి, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఒక చిన్న భాగంగా మిగిలింది. కార్ఖానా బయట పనికి అనుమతి, సొంత ఇంట్లో స్వయం ఉపాధికి మినహాయింపు, ఈ రెండూ కొత్త బట్టలేసుకొని కోడ్‌లోకి నడిచొచ్చినయి. రాష్ట్ర నిబంధనల మీద అభ్యంతరాలు రాసే సంఘాలు, విద్యార్థులు ముందుగాల అడగవలసింది రేటు కాదు. కార్ఖానా రిజిస్టరు, టేకేదారు ఇంట్ల ఉండే చిట్టా, భృతికి తిరస్కరించిన దరఖాస్తుల జాబితా, ఈ మూడూ గ్రామసభలో పక్కపక్కన పెట్టి పేరుపేరునా చదవాలని అడగాలె. ఆకు, తంబాకు ఏ చేతికి పోయిందో ఆ చేతికి నంబరు ఉందా లేదా అక్కడనే తేలుతది.