మొక్కజొన్న శుద్ధ వంగడం: పాత దారి, దగ్గరి దారి

మొక్కజొన్న హైబ్రిడ్ సత్తా అంతా దాని తల్లిదండ్రులైన శుద్ధ వంగడాల్లోనే ఉంటుంది. వాటిని తయారు చేయడానికి ఇప్పుడు ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

పాతది స్వపరాగ సంపర్కం, పరిశోధన క్షేత్రాల్లో అందరూ అనే మాటలో సెల్ఫింగ్. 1908–09లో అమెరికాలో జార్జ్ షల్ చూపిన దారి ఇది. పీచు బయటికి రాకముందే లేత కండెకు సంచి తొడుగుతారు. మగపూతకు ముందురోజే కాగితం సంచి కట్టి, మర్నాడు పొద్దున్నే దులిపి, రాలిన పుప్పొడిని అదే మొక్క పీచు మీద చల్లి మళ్లీ మూసేస్తారు. ఒక్కో తరానికి జన్యు మిశ్రమం సగానికి తగ్గుతూ, ఆరు తరాలకు సుమారు 1.6 శాతం మిగులుతుంది. ఏడాదికి రెండు పంటలు వేసినా మూడేళ్లకు పైమాటే. ఆ కాలం వృథా మాత్రం కాదు. పడిపోయేవి, తెగులు సోకేవి, పుప్పొడి సరిగా రాల్చనివి తరతరానికీ ఏరివేతలో పోతాయి.

కొత్తది డబుల్డ్ హాప్లాయిడ్. ఇండ్యూసర్ అనే ప్రత్యేక మొక్కల పుప్పొడి పడితే, కొన్ని గింజల పిండంలో 20 క్రోమోజోములకు బదులు తల్లివి 10 మాత్రమే ఉంటాయి. 1959లో వెలుగులోకి వచ్చిన స్టాక్ 6 అనే ఇండ్యూసర్‌తో ఇలాంటి హాప్లాయిడ్ గింజలు నూటికి రెండు మూడే. నేటి ఇండ్యూసర్లతో పది దాకా వస్తాయి. వీటిని కంటితోనే ఏరతారు: గింజ నెత్తిన ఊదా రంగు ఉండి, పిండం తెల్లగా ఉంటే హాప్లాయిడ్. ఆ రంగును అణిచే జన్యువున్న రకాల్లో ఈ గుర్తు పనిచేయదు. మొలకలకు కాల్చిసిన్ అనే రసాయనం పట్టించి క్రోమోజోములను రెట్టింపు చేస్తారు. చాలా మొక్కలు చనిపోతాయి. నిలిచినదాన్ని ఒక్కసారి సెల్ఫ్ చేస్తే శుద్ధ వంగడం సిద్ధం. మొత్తం రెండు మూడు పంటల పని.

అయితే కాల్చిసిన్ విషం. ప్రయోగశాల, గ్రీన్‌హౌస్, చేయి తిరిగిన సిబ్బంది కావాలి. చిన్న కేంద్రాలకు అది తలకు మించిన ఖర్చు. కర్ణాటకలోని కునిగల్‌లో అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 2021లో డబుల్డ్ హాప్లాయిడ్ వంగడాల తయారీ కోసమే ఒక కేంద్రాన్ని ప్రారంభించాయి.

ఏ దారిలో వచ్చిన వంగడమైనా టెస్ట్ క్రాస్ (పరీక్ష కోసం మరో వంగడంతో సంకరం) చేసి, నాలుగు చోట్ల పండించి చూడక తప్పదు. డబుల్డ్ హాప్లాయిడ్ ఆ కాలాన్ని తగ్గించలేదు. పైగా ముందస్తు ఏరివేత లేని వంగడాలు వందల కొద్దీ ఒకేసారి వచ్చిపడతాయి. వాటిని పరీక్షించే పొలం, మనుషులు లేని సంస్థకు ఇప్పటికీ సెల్ఫింగే మేలు.